ఈ-క్యాడ్‌హెరిన్ యాంటీబాడీ: వెస్టర్న్‌లో బ్యాండ్ వస్తోంది, ఫ్లోలో ఏమీ లేదు

హనుమకొండ, పీహెచ్‌డీ విద్యార్థిని:

ఫ్లో సైటోమెట్రీ (కణాలకు మెరిసే రంగు అంటించి ఒక్కొక్కటిగా మెషిన్‌లో కొలిచే పద్ధతి) చేసినవాళ్లు ఎవరైనా ఉంటే జర చూడండి. ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఈ-క్యాడ్‌హెరిన్ (కణాలను ఒకదానికొకటి అతికించే ప్రొటీన్) ఎంత ఉందో కొలవాలి. యాంటీబాడీ హెచ్‌ఈసీడీ-1 క్లోన్, మౌస్ మోనోక్లోనల్. వెస్టర్న్ బ్లాట్‌లో (కణాలను కరిగించి, ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసి చూసే పద్ధతి) 120 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ నల్లగా వస్తోంది, పక్కనే ఎండీఏ-ఎంబీ-231 అనే ఇంకో రొమ్ము క్యాన్సర్ కణాల లేన్ ఖాళీగా ఉంది, ఆ కణాల్లో ఈ ప్రొటీన్ ఉండదు కాబట్టి అదీ సరిగానే ఉంది. అదే వయల్, అవే కణాలు ఫ్లోకి తీసుకెళ్తే మాత్రం సిగ్నల్ ఐసోటైప్ కంట్రోల్‌ని (ఈ ప్రొటీన్‌ని పట్టుకోని అదే రకం యాంటీబాడీ) దాటట్లేదు. సెకండరీ (మౌస్ యాంటీబాడీని పట్టుకొని సిగ్నల్ ఇచ్చేది) వేరే మౌస్ యాంటీబాడీతో బాగానే పనిచేస్తోంది. వెస్టర్న్‌కి ప్లేట్‌లోనే లైసిస్ బఫర్ పోసి గీకుతాను, ఫ్లోకి అందరిలాగే ట్రిప్సిన్-ఈడీటీఏతో ప్లేట్ నుంచి లేపుతాను. మా సార్ యాంటీబాడీ పాడైంది, కొత్తది తెప్పిద్దాం అంటున్నారు. మెషిన్ కోసం హైదరాబాద్ పోవాలి, స్లాట్ దొరకడమే కష్టం, గ్రాంట్‌లో మిగిలింది కూడా తక్కువే, చాలా టెన్షన్‌గా ఉంది.

కాజీపేట, సెల్ కల్చర్:

చెల్లీ, ఇప్పుడే కొనకు. పాడైన యాంటీబాడీ వెస్టర్న్‌లో అంత మంచి బ్యాండ్ ఇవ్వదు. తేడా ఎక్కడుందో నువ్వే రాశావు, కణాలను లేపే పద్ధతిలో. ఈ-క్యాడ్‌హెరిన్ కణం బయటికి ఐదు డొమైన్లతో పొడుచుకొని ఉంటుంది, వాటి మధ్య కాల్షియం కూర్చుంటేనే ఆ భాగం గట్టిగా నిలబడుతుంది. ఈడీటీఏ ఆ కాల్షియాన్ని లాగేస్తుంది, వెంటనే ట్రిప్సిన్ వచ్చి బయటి భాగాన్ని కోసేస్తుంది. హెచ్‌ఈసీడీ-1 పట్టుకునేది సరిగ్గా ఆ బయటి భాగాన్నే, అదే పోయాక ఇంక దేన్ని పట్టుకుంటుంది? కాల్షియం ఉంటే అతుక్కునే ప్రొటీన్‌ని ట్రిప్సిన్ కోయలేదని 1977లోనే జపాన్ శాస్త్రవేత్త మసతోషి తకేయిచి చూపించారు. కాబట్టి ట్రిప్సిన్ పూర్తిగా మానేసి 2 మిల్లీమోలార్ ఈడీటీఏ ఒక్కదానితో లేపి చూడు. టైమ్ ఎక్కువ పడుతుంది, ఎంసీఎఫ్-7 మొండిగా అతుక్కుంటాయి, ఓపిక పట్టాలి. ఇంకో దారి, 0.01 శాతం ట్రిప్సిన్‌లో 1 నుంచి 2 మిల్లీమోలార్ కాల్షియం కలిపి వాడటం. అప్పుడు కణాలు ప్లేట్ నుంచి ఊడతాయి కానీ ఒకదానికొకటి వదలవు, తర్వాత కాల్షియం లేని చల్లని బఫర్‌తో కడిగి పిపెట్‌తో నెమ్మదిగా విడదీయాలి.

కరీంనగర్:

అన్న చెప్పింది కరెక్టే, కానీ ఒక్క మాట. వెస్టర్న్‌లో పనిచేసినంత మాత్రాన ఫ్లోలో పనిచేస్తుందని గ్యారంటీ లేదు. వెస్టర్న్‌లో ప్రొటీన్ మడతలు విప్పుకొని ఉంటుంది, బతికున్న కణం మీద అలా ఉండదు. హెచ్‌ఈసీడీ-1 విషయంలో ఆ భయం లేదు, బతికున్న కణాల మీద వేస్తే అవి అతుక్కోవడాన్నే ఆపుతుంది, అంటే సహజ రూపాన్ని పట్టుకుంటున్నట్టే కదా. కొత్తది కొనాల్సి వస్తే మాత్రం డేటాషీట్‌లో ఏ భాగానికి తయారుచేశారో ముందు చూడు. 36 అనే క్లోన్ చాలా ల్యాబుల్లో ఉంటుంది, అది కణం లోపలి తోకను పట్టుకుంటుంది. వెస్టర్న్‌కి బాగుంటుంది, పొరకు రంధ్రాలు చేయని కణాల మీద ఫ్లోలో వేస్తే మళ్లీ ఇదే కథ.

వరంగల్, పాథాలజీ:

మాకు టిష్యూ స్లైడ్ల మీద ట్రిప్సిన్ బాధ లేదు. లోబ్యులర్ కార్సినోమా అనే రొమ్ము క్యాన్సర్ రకంలో ఈ-క్యాడ్‌హెరిన్ సాధారణంగా పోతుంది, డక్టల్ రకంలో కణం అంచు వెంట గోధుమ రంగు గీతలా కనిపిస్తుంది. కొన్ని లోబ్యులర్ కేసుల్లో కూడా స్టెయిన్ వస్తుంది, అందుకే అదే స్లైడ్‌లో మామూలు డక్ట్ కణాలు రంగు పట్టాయో లేదో చూడకుండా రిపోర్ట్ రాయం. మీరు కూడా ప్రతి రన్‌లో 231 కణాలను ఎంసీఎఫ్-7 లేపినట్టే లేపి పక్కన పెట్టండి. యాంటీబాడీని చిన్న చిన్న వాటాలుగా పంచుకొని దాచుకోండి, ఎండాకాలం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వయల్ మొత్తం కరిగి గడ్డకట్టడం మంచిది కాదు.

హనుమకొండ, పీహెచ్‌డీ విద్యార్థిని:

అందరికీ చాలా థాంక్స్, సార్‌కి చూపించాను, కొనడం ఆపారు. ఇంకో డౌట్. కణాలు గుంపు కట్టకుండా మా ఫ్లో బఫర్‌లో కూడా ఈడీటీఏ వేస్తాం. స్టెయినింగ్‌కి అదే వాడొచ్చా?

కాజీపేట, సెల్ కల్చర్:

వద్దు. లేపాక ఈడీటీఏ కడిగేసి, స్టెయినింగ్ బఫర్‌లో 1 మిల్లీమోలార్ కాల్షియం పెట్టు, హెపీస్ బఫర్ అయితే ఇంకా మంచిది. గుంపులంటావా, మొదటి నుంచి చివరిదాకా మంచు మీదే ఉంచు, చల్లగా ఉంటే క్యాడ్‌హెరిన్ అంతగా అతికించదు. మెషిన్‌కి ఇచ్చే ముందు 40 మైక్రాన్ల జల్లెడలో వడకట్టు. పొద్దున్నే ఇక్కడ ట్రిప్సిన్‌తో లేపి హైదరాబాద్‌కి ట్యూబులు పట్టుకుపోయే పద్ధతి అసలు పెట్టుకోకు. అక్కడి ల్యాబ్‌లో ఒప్పుకుంటే ప్లేట్లే తీసుకెళ్లి అక్కడే లేపు, లేదంటే ఇక్కడే ఈడీటీఏతో లేపి, స్టెయిన్ చేసి, పారాఫార్మల్డిహైడ్‌లో ఫిక్స్ చేసి, వెలుతురు తగలకుండా ఐస్ బాక్స్‌లో పట్టుకెళ్లు.