"గమనించకపోలేదు" అనడంలో ఉన్నది వినయమా, గడుసుదనమా?

ప్రశ్న (అనువాదకురాలు)

1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో వాట్సన్, క్రిక్ ప్రచురించిన డీఎన్ఏ వ్యాసాన్ని ఇంటర్ విద్యార్థుల సంకలనం కోసం తెలుగు చేస్తున్నాను. వ్యాసం ఒక పుటకు కాస్త మించి ఉంటుంది, అంతే. నిర్మాణ వివరాలతో నాకు పేచీ లేదు. చిక్కంతా చివర వచ్చే ఒక్క వాక్యంతోనే. డీఎన్ఏ రెండు పోగుల్లోని క్షారాలు (బేస్‌లు) నియమిత జంటలుగా కలుస్తాయన్న తమ ప్రతిపాదన జన్యుపదార్థం ఎలా నకలు కాగలదో వెంటనే సూచిస్తున్నదని, ఆ సంగతి తమ దృష్టిని తప్పించుకోలేదని వారంటారు. ఉన్నదున్నట్టు పెడితే తెలుగులా లేదు. "మేము గమనించాము" అంటే అందులోని పస పోతున్నది. దీన్ని ఏ అలంకారమనాలి, తెలుగులో ఎలా నిలపాలి?

జవాబు (తెలుగు ఉపాధ్యాయుడు)

అమ్మా, ఎదురుమాటను కాదని అసలు మాటను నిలబెట్టే ఈ పద్ధతిని పాశ్చాత్యులు లైటోటీస్ అంటారు. మనకు అది నిత్య వ్యవహారంలోనే ఉన్నది: "ఆయన దగ్గర నాలుగు రాళ్ళు లేకపోలేదు" అంటాము కదా. కనుక "మేము గమనించకపోలేదు" అనండి, సరిపోతుంది. అలంకారశాస్త్రంలో పర్యాయోక్తం దీనికి దగ్గర, ఎందుకంటే చెప్పదలచిన దాన్ని నేరుగా చెప్పక మరో భంగిలో చెప్పడమే అక్కడా జరిగేది. వ్యాసమంతా ఇదే ధోరణి. తొలి వాక్యంలో ఒక నిర్మాణాన్ని "సూచించదలచుకున్నాము" అంటారే గాని కనుగొన్నామనరు. రెండో వాక్యంలో దాని జీవశాస్త్ర ప్రాముఖ్యాన్ని "గణనీయం" అని ఊరుకుంటారు. అంతటి విషయానికి అంత పొదుపైన విశేషణం!

జవాబు (జీవశాస్త్ర అధ్యాపకురాలు)

మాస్టారు చెప్పిన పర్యాయోక్తం బాగుంది గాని, "లేకపోలేదు" దగ్గర నాకు అభ్యంతరమున్నది. "వాడిలో మంచి లేకపోలేదు" అన్నప్పుడు మనసొప్పక ఇచ్చిన మార్కులే వినిపిస్తాయి. ఈ వాక్యం అలాంటిది కాదు. ఆ క్షారాల్లో అడినైన్ ఎదురుగా థైమిన్, గ్వానైన్ ఎదురుగా సైటోసిన్ మాత్రమే కుదురుతాయన్నప్పుడు ఒక పోగులోని వరుస తెలిస్తే రెండో పోగు వరుస తెలిసినట్టే; నకలు కిటుకు అక్కడే ఉన్నది, చదివిన మరెవరికైనా అది తోచవచ్చు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తాము చూడండి, అదీ ఈ వాక్యం చేసే పని. మే 30న, అదే పత్రికలో జన్యుపరమైన పర్యవసానాల మీద రెండో వ్యాసం వేసి, ఆ సీటులో కూర్చున్నారు.

జవాబు (విజ్ఞానశాస్త్ర చరిత్ర పాఠకుడు)

మేడమ్ గారి తువ్వాలు నిజమే, అయితే దాన్ని వేసిన చేతులు రెండూ ఒకే ఉత్సాహంతో లేవు. అది రాజీ వాక్యమని క్రిక్ తరువాత స్వయంగా చెప్పాడు: జన్యుపరమైన అర్థాన్ని చర్చించాలని అతని పట్టు, నిర్మాణమే తప్పయితే నవ్వులపాలవుతామని వాట్సన్ భయం. అందువల్ల "గమనించకపోలేదు"లోని అరమనసు ఇక్కడ దోషం కాదు, ఉండవలసిన గుణమే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరొక చోటు. తమ నిర్మాణం ప్రచురితమైన ప్రయోగ సమాచారం మీద, రసాయన తర్కం మీద "ప్రధానంగా, అయితే పూర్తిగా కాదు" ఆధారపడిందని వారు రాశారు. చివరలో, డీఎన్ఏనే పరిశోధిస్తున్న లండన్ కింగ్స్ కాలేజీలోని మారిస్ విల్కిన్స్, రోజలిండ్ ఫ్రాంక్లిన్ బృందాల అప్రచురిత ఫలితాల "సాధారణ స్వభావం" తెలిసి ఉండటం తమకు ప్రేరణ ఇచ్చిందన్నారు. ఫ్రాంక్లిన్ బృందం 1952లో తీసిన డీఎన్ఏ ఎక్స్‌రే చిత్రాన్ని విల్కిన్స్ ఆమెకు తెలియకుండానే 1953 జనవరిలో వాట్సన్‌కు చూపించాడన్నది ఎరిగినవారికి, ఆ రెండు మాటలు ఎంత బరువును ఎంత తేలిగ్గా మోస్తున్నాయో తెలుస్తుంది. అదే వాట్సన్ 1968 నాటి జ్ఞాపకాలలో ఆ చిత్రం చూడగానే నోరు తెరుచుకుపోయిందని, నాడి వేగం పెరిగిందని రాసుకున్నాడు. అక్కడ పరిశోధన ఒక పరుగుపందెం, ఫ్రాంక్లిన్ కటువైన "రోజీ" పాత్ర. ఆమె 1958లోనే మరణించింది కనుక బదులు చెప్పేవారు లేకపోయారు. అల్పోక్తి దాచినదాన్ని అతిశయోక్తి బయటపెట్టిన సందర్భాలు అరుదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. "గమనించకపోలేదు" అనే ఉంచుతున్నాను. "అయితే పూర్తిగా కాదు" అన్న ముక్క వాక్యానికి అడ్డు తగులుతున్నదని నా చిత్తుప్రతిలో తీసేశాను; ఇప్పుడే తిరిగి చేర్చాను.