టెక్సస్ నుంచి పవరాఫ్ అటార్నీ: ఇక్కడి నోటరీ చాలా, ఇంకేమైనా కావాలా?

కిరణ్, ఇర్వింగ్:
అన్నలకూ అక్కలకూ నమస్తే. మొన్నటిదాకా బెంగళూరు మారతహళ్ళిలో ఉండేవాణ్ణి, ఉద్యోగం మీద ఇర్వింగ్ వచ్చాను. కె.ఆర్.పురం దగ్గర బుక్ చేసిన ఫ్లాట్ ఇప్పుడు రిజిస్ట్రేషన్‌కి వచ్చింది. హోమ్ లోన్ కూడా ఉంది. నా తరఫున సంతకాలు పెట్టేలా నాన్న పేరు మీద పవర్ రాసి పంపమంటున్నారు బిల్డర్ వాళ్ళు. ఇక్కడ మా బ్యాంకులో నోటరీ ఉచితంగానే చేస్తారట. అది చాలా, లేక కాన్సులేట్ దాకా వెళ్ళాలా? ఈమధ్య ఎవరైనా చేయించి ఉంటే చెప్పండి.

సుబ్బారావు, వైట్‌ఫీల్డ్:
బాబూ, ఈ మాట విమానం ఎక్కకముందు అడిగుంటే ఇక్కడే సబ్ రిజిస్ట్రార్ ముందు సంతకం, వేలిముద్ర పెట్టించి పని ముగించేవాళ్ళం. సరే, అయిందేదో అయింది. నోటరీ సంగతి తర్వాత, ముందు ఏ పవర్ రాస్తున్నావో చూసుకో. బిల్డర్లు పంపే నమూనా చాలాసార్లు జనరల్ పవర్. అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు, అద్దెకిచ్చే హక్కు అన్నీ అందులో దూరి ఉంటాయి. నాన్నగారే కదా అని సంతకం పెట్టేయొద్దు. ఈ ఒక్క ఫ్లాటుకి, ఈ రిజిస్ట్రేషన్‌కి, ఈ లోన్‌కి పరిమితమైన స్పెషల్ పవర్ రాయి. ఫ్లాట్ నంబరు, షెడ్యూలు (ఆస్తి వివరాలు), అగ్రిమెంట్ తేదీ అందులో రావాలి.

ఇంకో మాట. జీపీఏ (జనరల్ పవర్) మీద కొంటే ఇల్లు మనదే అయిపోయిందనుకునే వాళ్ళు మనవాళ్ళలో ఇంకా ఉన్నారు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, జీపీఏతో హక్కు బదిలీ కాదని. నోటరీ చేసిన అగ్రిమెంటుతోనూ కాదు. మా వీధిలో ఒకాయన నోటరీ కాగితం చూపించి సైటు నాదే అంటాడు. ఆయనతో వాదించి నాకు నోరు నొప్పి పుట్టింది.

కిరణ్, ఇర్వింగ్:
సుబ్బారావు గారూ, స్పెషల్ పవరే రాస్తాను. మరి నోటరీ సంగతి?

లలిత, హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్:
ఉత్త నోటరీ చాలదు తమ్ముడూ. చాలుతుందని ఎవరైనా అంటే మా ఆడపడుచు కథ వినమను. తను న్యూజెర్సీలో ఉంటుంది. మా అత్తగారి పేరు మీద పవర్ పంపింది. నోటరీ చేయించింది, రాష్ట్ర ప్రభుత్వం నుంచి అపోస్టిల్, అంటే ఆ నోటరీ నిజమైనదేనని చెప్పే ధ్రువపత్రం కూడా తెప్పించింది. అంత పద్ధతిగా పంపిన కాగితాన్ని ఇక్కడ మేము చెడగొట్టుకున్నాం అనుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా జిరాక్స్ షాపు కుర్రాడు కాపీలు నీట్‌గా రావాలని పిన్ను ఊడదీసి, తీసుకున్నాక మళ్ళీ కొత్త పిన్ను కొట్టాడు. మేము గమనించనే లేదు. లోపల గుమాస్తా కాగితం మూల వెలుతురుకి పెట్టి చూశాడు. పాత పిన్ను కన్నాలు, కొత్త పిన్ను కన్నాలు. "ఈ అపోస్టిల్ ఈ పవర్‌దేనని నాకేం గ్యారంటీ?" అన్నాడు. నిజానికి ఆయన అడిగింది తప్పు కాదు, ఏ పేజీ మార్చామో ఆయనకేం తెలుసు?

అది ఎలాగో సర్దుకుందనుకునేసరికి పేరు దగ్గర పట్టుకున్నాడు. అగ్రిమెంటులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు మొత్తం, అదీ చివర్లో. పవర్‌లో పాస్‌పోర్టు ప్రకారం రాశారు. "వీళ్ళిద్దరూ ఒకరేనా?" అని ప్రశ్న. ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ కావాలన్నారు. అది ఇవ్వాల్సింది ఆడపడుచు, అంటే మళ్ళీ అక్కడే నోటరీ, అక్కడే అపోస్టిల్, మళ్ళీ కొరియర్. అత్తగారు ఆ బెంచీ మీద కూర్చుని బీపీ మాత్ర వేసుకున్నారు. ఈలోగా 2023 అక్టోబరు 1న గైడెన్స్ వాల్యూ (ప్రభుత్వం లెక్కగట్టే ఆస్తి విలువ) పెరిగింది, స్టాంప్ డ్యూటీ ఇంకాస్త పడింది. కాబట్టి పవర్‌లో నీ పేరు రెండు రకాలుగానూ రాయించు, "అలియాస్" అని పెట్టి. నాన్నగారి పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే. కాగితం అందాక పిన్ను జోలికి ఎవరినీ పోనివ్వొద్దని నాన్నగారికి గట్టిగా చెప్పు.

ప్రసాద్, జయనగర్:
లలితగారు చెప్పింది ఆఫీసుల సంగతి. చట్టం సంగతి వేరు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 33 ప్రకారం, విదేశంలో ఉన్నవాళ్ళు రాసిన పవర్‌ని నోటరీ పబ్లిక్, కోర్టు, జడ్జి, మేజిస్ట్రేట్, భారత కాన్సుల్, వీళ్ళలో ఎవరు ధ్రువీకరించినా సరిపోతుంది. అపోస్టిల్ అన్న మాటే అందులో లేదు. అనవసరంగా కుర్రాణ్ణి భయపెట్టకండి.

సుబ్బారావు, వైట్‌ఫీల్డ్:
సెక్షన్ 33 వచ్చి కౌంటర్‌లో కూర్చోదు కదా ప్రసాద్ గారూ. టెక్సస్ నోటరీ ముద్ర అసలుదో నకిలీదో ఇక్కడి గుమాస్తాకి ఎలా తెలుస్తుంది? అందుకే అపోస్టిల్. దాన్ని తెచ్చిన హేగ్ ఒప్పందం 1961ది, మనకు 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. ఆ నోటరీ నిజమైన నోటరీయే, సంతకం, ముద్ర ఆయనవేనని అక్కడి ప్రభుత్వం చెప్పడం, అంతే. లోపల రాసింది నిజమో కాదో దానికి పట్టదు.

ప్రసాద్, జయనగర్:
చట్టానికి అవసరం లేదన్నాను గానీ చేయించుకోవద్దని అనలేదు. అసలు కిరణ్‌కి లోన్ ఉంది, కాబట్టి మన ఇద్దరి వాదనా కాదు, బ్యాంకు లీగల్ వాళ్ళ మాటే చెల్లుతుంది. కొన్ని బ్యాంకులు అపోస్టిల్‌తో సరిపెట్టుకుంటాయి, కొన్ని కాన్సులేట్ ముద్రే కావాలంటాయి. వాళ్ళ నమూనా కూడా వాళ్ళదే ఉంటుంది. ముందు అది తెప్పించుకో బాబూ. బిల్డర్ నమూనా మీద సంతకం చేసి పంపాక బ్యాంకు వేరే కాగితం అడిగితే పని మళ్ళీ మొదటికొస్తుంది.

మహేశ్, ఫ్రిస్కో:
కిరణ్ బ్రో, మన టెక్సస్‌లో ఎలా జరుగుతుందో చెప్తా. ఇంట్లో సంతకం పెట్టేసి వెళ్ళొద్దు, నోటరీ ఎదురుగానే పెట్టాలి. పాస్‌పోర్టు తీసుకెళ్ళు. అక్నాలెడ్జ్‌మెంటా (సంతకం నాదేనని ఒప్పుకోవడం), జురాటా (రాసింది నిజమని ప్రమాణం చేయడం) అని అడుగుతారు. పవర్‌కి అక్నాలెడ్జ్‌మెంట్. లాయర్ కాని నోటరీ ఏది కావాలో తను చెప్పకూడదు, ఇక్కడి రూల్ అది. ఊళ్ళో కోర్టు దగ్గర నోటరీ లాయర్‌లా ఈయన సలహా ఇస్తాడని ఆశపడొద్దు. ప్రతి పేజీ కింద సంతకం పెట్టు, ఇక్కడ ఎవరూ అడగకపోయినా అక్కడ అడుగుతారు. తర్వాత అసలు కాగితం ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి. డాక్యుమెంటుకి 15 డాలర్లు. ఏ దేశంలో వాడతారో ఫారంలో ఇండియా అని రాయాలి. కాన్సులేటే కావాలంటే మనది హ్యూస్టన్ కిందికి వస్తుంది, కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ సంస్థ ద్వారా.

వీడియో కాల్ నోటరీ టెక్సస్‌లో 2018 నుంచి చెల్లుతుంది. అయినా నువ్వు దాని జోలికి వెళ్ళకు. ఇంకు సంతకం లేని ప్రింటు చూస్తే అక్కడ తెల్లమొహం వేస్తారు.

రఫీ, దుబాయ్:
ఇది చదివి యూఏఈ వాళ్ళు అపోస్టిల్ కోసం తిరగొద్దు. మన దేశం ఆ హేగ్ ఒప్పందంలో లేదు, అంటే యూఏఈ. ఇక్కడి నుంచి పవర్ అంటే దుబాయ్ కాన్సులేట్ గానీ అబుదాబి ఎంబసీ గానీ.

శ్రావణి, మ్యూనిక్:
జర్మనీ ఒప్పందంలో ఉన్నా మనకు పనికిరాదు. ఇండియా చేరడానికి జర్మనీ అభ్యంతరం చెప్పింది, అందుకే రెండు దేశాల మధ్య అపోస్టిల్ నడవదు. ఇక్కడా కాన్సులేట్‌కే వెళ్ళాలి. పైగా ఇక్కడ నోటరీ అంటే పెద్ద లాయరు, ఫీజు కూడా ఆస్తి విలువని బట్టి ఉంటుంది. ఉచితంగా చేసే బ్యాంకు ఉందని కిరణ్ అంటుంటే కుళ్ళుగా ఉంది.

సుబ్బారావు, వైట్‌ఫీల్డ్:
స్టాంపు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ స్టాంపు పేపరు కొని అక్కడికి పంపించి దాని మీదే రాయించడం మంచిది. కాకపోతే ఆరు నెలల్లో వాడేయాలి, లేదంటే చెల్లదు.

ప్రసాద్, జయనగర్:
మళ్ళీ మొదలుపెట్టారు. ఆరు నెలలన్నది వాడని స్టాంపు వాపసు ఇచ్చి డబ్బు అడగడానికి గడువు. పాత పేపరు మీద రాసినంత మాత్రాన దస్తావేజు చెల్లకుండా పోదని 2008లో తిరువేంగడ పిళ్ళై కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. కిరణ్, స్టాంపు పేపరు అక్కడికి తెప్పించుకోవద్దు, మామూలు తెల్లకాగితం మీదే రాయి. అది కర్ణాటకకి వచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోగా నాన్నగారు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డ్యూటీ కట్టి స్టాంపు వేయించాలి. ఏ రోజు వచ్చిందో రుజువు అడుగుతారు. అందుకని కొరియర్ కవరు పారేయకుండా దాచిపెట్టమను, దాని మీద తేదీ ఉంటుంది. స్టాంపు వేయించకుండా పవర్ తీసుకెళ్ళి సబ్ రిజిస్ట్రార్ ముందు పెడితే అక్కడే ఆగిపోతుంది.

సుబ్బారావు, వైట్‌ఫీల్డ్:
2008 కేసు నేనూ చదివాను. కానీ నోటరీలు పాత పేపరు ముట్టుకోరు, అది మాత్రం మీరు ఒప్పుకోవాలి.

ప్రసాద్, జయనగర్:
ముట్టుకోకపోతే అది వాళ్ళ భయం, చట్టం కాదు.

కిరణ్, ఇర్వింగ్:
అందరికీ థాంక్స్. బ్యాంకు లీగల్ వాళ్ళకి ఇప్పుడే మెయిల్ పెట్టాను, నమూనా పంపమని, అపోస్టిలా కాన్సులేటా రాతపూర్వకంగా చెప్పమని. చివరి డౌట్: సాక్షులు ఇద్దరూ ఇండియన్ పాస్‌పోర్టు వాళ్ళే అయ్యుండాలా? మా టీములో ఒకతను మెక్సికన్.

లలిత, హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్:
ఎవరైనా పర్లేదు తమ్ముడూ. పేరు, అడ్రస్ స్పష్టంగా రాయించి ఐడీ కాపీ జత చెయ్యి. నోటరీనే సాక్షిగా మాత్రం పెట్టకు.