పదో తరగతి ఇంగ్లిష్: గ్రామర్ల మార్కులు పోతున్నయి, లెటర్ సగంల ఆగుతున్నది. ఎట్ల?

దేవరకొండ అన్న

అందరికీ నమస్తే. మా చెల్లె దేవరకొండ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్ల పదో తరగతి. బడిల పెట్టిన ఎస్‌ఏ-1 పరీక్షల ఇంగ్లిష్ 80కి 34 వచ్చినయి. ప్యాసేజ్ ఇచ్చి ప్రశ్నలడిగితే బాగనే రాస్తది. గ్రామర్ల 20కి 6. లెటర్, బయోగ్రఫీ అర పేజీ రాసి ఆపేస్తది. గైడ్‌ల రూల్స్ అన్నీ చదివింది, అడిగితే టకటక చెప్తది, పేపర్ల మాత్రం తప్పు పెడ్తది. పరీక్షకు ఇంక పది వారాలున్నది. రోజుకు ఒక గంట, ఆదివారం రెండు గంటలు దీనికి పెట్టగలదు. గ్రామర్ ఎక్కడికెళ్లి మొదలుపెట్టాలె? లెటర్లు బట్టీ పట్టియ్యాల్నా? తెలిసిన సార్లు, మేడంలు జర చెప్పున్రి.

పాలమూరు ఇంగ్లిష్ సార్

రూల్ చెప్పగలిగి కూడా తప్పు పెడుతోందంటే లోపం రూల్‌లో లేదు. వాక్యం ముందు తెలుగులో తయారై, అదే వరసలో ఇంగ్లిష్‌లోకి దిగుతోంది. కాబట్టి గైడ్‌ని మొదటి పేజీ నుంచి మళ్లీ తిరగేయించకండి. తెలుగు ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో అక్కడ మొదలుపెట్టండి.

మొదటిది "నుంచి". "మూడేళ్ల నుంచి ఉంటున్నాం", "2021 నుంచి ఉంటున్నాం" అంటాం. తెలుగులో రెండింటికీ ఒకటే మాట. ఇంగ్లిష్‌లో మొదటిది "ఫర్ త్రీ ఇయర్స్", రెండోది "సిన్స్ 2021". క్యాలెండర్ మీద వేలుపెట్టి చూపించగలిగితే సిన్స్, ఎంతసేపో కొలిచేదైతే ఫర్. దీంతోపాటు ఇంకో తప్పు దొర్లుతుంది: "ఉంటున్నాం" కదా అని "వి ఆర్ లివింగ్" రాస్తారు. సిన్స్, ఫర్ పెట్టి ఇప్పటిదాకా సాగుతున్న పని చెప్పేటప్పుడు "వి హావ్ బీన్ లివింగ్" రావాలి.

రెండోది రిపోర్టెడ్ స్పీచ్. "ఎక్కడికి పోతున్నవ్ అని అడిగింది" అంటే సరిపోతుంది మనకు. "అని" ముందు అవతలివాళ్ల మాట ఉన్నదున్నట్టు పెట్టేస్తాం, ప్రశ్న ప్రశ్నలాగే ఉంటుంది. "షి సెడ్ టు మి, వేర్ ఆర్ యు గోయింగ్?" అని ఇస్తే ఆ అలవాటుతోనే పిల్లలు "షి ఆస్క్‌డ్ మి దట్ వేర్ ఆర్ యు గోయింగ్?" అని రాస్తారు. కావలసింది "షి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వజ్ గోయింగ్." ఇందులో ఐదు మార్పులున్నాయి: ప్రశ్న కాబట్టి "సెడ్ టు" తీసి "ఆస్క్‌డ్", "దట్" ఉండదు, "యు" పోయి "ఐ", క్రియ కర్త తర్వాతికి వెళ్లి భూతకాలంలోకి మారింది, చివర ప్రశ్నార్థకం పోయి చుక్క పడింది. అవును కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నకైతే మధ్యలో "ఇఫ్" గానీ "వెదర్" గానీ. ఈ ఐదూ వరసగా టిక్ పెట్టుకుంటూ ఇరవై వాక్యాలు చేయించండి, చాలు.

మూడోది ప్యాసివ్. మాటల్లో మనం "చేయబడింది" అనం కాబట్టి చెవికి అలవాటు లేదు. దగ్గరి ఉదాహరణ ఇస్తాను. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబర్ 10న పునాదిరాయి వేశారు. "నెహ్రూ లెయిడ్ ద ఫౌండేషన్ స్టోన్." ముందు క్రియ కాలం గుర్తుపట్టాలి, ఇక్కడ సింపుల్ పాస్ట్. కర్మను ముందుకు తేవాలి. అదే కాలంలో "బి" రూపం పెట్టాలి, "వజ్". తర్వాత వి-3, అంటే క్రియ మూడో రూపం. "ద ఫౌండేషన్ స్టోన్ వజ్ లెయిడ్ బై నెహ్రూ." తప్పులు రెండే చోట్ల. వి-3 బదులు వి-2 రాయడం: "వజ్ రిటెన్" పోయి "వజ్ రోట్" అవుతుంది. కంటిన్యువస్‌లో "బీయింగ్" మరిచిపోవడం: "ఎ లెటర్ ఈజ్ రైటింగ్" అంటే ఉత్తరమే కూర్చుని రాస్తున్నట్టు!

వి-1, వి-2, వి-3 పట్టిక రాకుండా వీటిలో ఏదీ కుదరదు. రోజుకు ఎనిమిది చొప్పున పది రోజులు, ఎనభై క్రియలు. తికమకపెట్టే జంటలు పక్కపక్కన రాయించండి: "ఫాల్, ఫెల్, ఫాలెన్" పక్కన "ఫీల్, ఫెల్ట్, ఫెల్ట్". "లై, లే, లెయిన్" పక్కన "లే, లెయిడ్, లెయిడ్".

నాలుగోది "హూ, విచ్" పెట్టి రెండు వాక్యాలు కలపడం. "నిన్న వచ్చిన అబ్బాయి" అని మనం మనిషి కంటే ముందు వివరం చెప్తాం. ఇంగ్లిష్‌లో మనిషి ముందు: "ద బాయ్ హూ కేమ్ ఎస్టర్‌డే". కలిపాక రెండో వాక్యంలోని "హి" కొట్టేయాలి. "ద బాయ్ హూ హి కేమ్" అని రాసేవాళ్లు చాలామంది.

ఆర్టికల్స్‌తో మొదలుపెట్టకండి. అవి తెలుగులో లేనే లేవు, పది వారాల్లో పూర్తిగా పట్టుబడవు. "యాన్ అవర్, ఎ యూనివర్సిటీ, ద సన్" లాంటివి ఒక ఇరవై చూసుకుంటే ప్రస్తుతానికి సరిపోతుంది.

నల్లగొండ మేడం

సార్ చెప్పింది గ్రామర్‌కు సరిగ్గా సరిపోతుంది. నేను రాత భాగం చెప్తాను.

ఉత్తరం మొత్తం బట్టీ వద్దు, చట్రం మాత్రం నిద్రలో లేపి అడిగినా రావాలి. అధికారికి రాసే లేఖలో పై నుంచి వరస ఇది: రాసేవాళ్ల చిరునామా, తేదీ, "టు" కింద అధికారి హోదా, ఊరు, "సర్" గానీ "మేడం" గానీ, సబ్జెక్ట్ ఒక్క లైను, విషయం, "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ", సంతకం, కింద కవర్ మీది చిరునామా. "యువర్స్"లో ఎస్ ముందు అపాస్ట్రఫీ (పైన పెట్టే కామా లాంటి గుర్తు) పెట్టకూడదు. సొంత పేరు, బడి పేరు ఎక్కడా రాయొద్దు. ప్రశ్నలో పేరిస్తే అదే, లేదంటే ఎక్స్‌లు.

సగంలో ఆగేది చట్రం దగ్గర కాదు, విషయం దగ్గర. దేవరకొండ ఆర్టీసీ డిపో మేనేజర్‌కు బస్సు గురించి రాయమన్నారనుకోండి. పెన్ను కాగితం మీద పెట్టకముందే తెలుగులోనైనా సరే ఆరు ముక్కలు పక్కన రాసుకోవాలి: ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎన్ని గంటల బస్సు, ఎంత ఆలస్యం, ఎంతమంది పిల్లలు ఎక్కుతారు, దానివల్ల ఏం పోతోంది, ఏం చేయమంటున్నాం. ఒక్కో ముక్కకు వాక్యమో రెండో. మొదటి పేరాలో రెండు వాక్యాలు, మధ్య పేరాలో ఐదు, చివరి పేరాలో విన్నపం రెండు. పేజీ దానంతటదే నిండుతుంది. "బస్సు సరిగా రావడం లేదు, దయచేసి చర్య తీసుకోండి" అన్న రెండు ముక్కలతో కూర్చుంటే ఎవరికైనా అర పేజీకే ఆగిపోతుంది.

బయోగ్రఫీకి పట్టికలో వివరాలిస్తారు. మన సురవరం ప్రతాపరెడ్డి గారితో సాధన చేయించండి: పుట్టింది 1896, గోలకొండ పత్రిక మొదలు 1926, వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నిక 1952, మరణం 1953. ఇక్కడ దొర్లే తప్పులు ముందే చెప్పొచ్చు. "హి బోర్న్" అని రాస్తారు, "హి వజ్ బోర్న్" కావాలి. ఎన్నికయ్యారు అంటే "హి ఎలెక్టెడ్" కాదు, "హి వజ్ ఎలెక్టెడ్". చనిపోయినవాళ్ల గురించి కాబట్టి జరిగినవన్నీ పాస్ట్‌లో ఉండాలి, మధ్యలో "హి ఈజ్ ఎ గ్రేట్ రైటర్" రానివ్వొద్దు. ప్రతి వాక్యం "హి"తో మొదలైతే చదవడానికి సరుకుల చీటీలా ఉంటుంది. "ఇన్ 1926, హి స్టార్టెడ్..." అని ఒకటి, పేరుతో ఒకటి మార్చి మార్చి రాయించండి.

నోటీసులో "ఐ" ఉండకూడదు. ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరిని కలవాలి, అంతే. డైరీకి తేదీ, వారం, సమయం పైన. సంభాషణలో ఒక్కొక్కరు కనీసం ఐదుసార్లు మాట్లాడాలి. గ్రాఫ్ గానీ పట్టిక గానీ ఇస్తే అది దేని గురించో ఒక వాక్యం, అన్నిటికంటే ఎక్కువ, తక్కువ, పోలిక. అందులో లేని కారణాలు అల్లకూడదు.

మిర్యాలగూడ ట్యూషన్

మేడం చెప్పినదాంట్ల ఒక్కదానికి ఒప్పుకోను. 34 మార్కుల పిల్లకు బట్టీ అసలే వద్దంటే కష్టం. వాక్యాల సరుకే లేనోళ్లు ఆరు ముక్కలు రాసుకున్నా ఇంగ్లిష్ల పెట్టలేరు. రెండు లెటర్లు పూర్తిగ పట్టియ్యున్రి, ఒకటి అధికారికి, ఒకటి స్నేహితునికి. "ఐ వుడ్ లైక్ టు బ్రింగ్ టు యువర్ నోటీస్ దట్", "వి ఆర్ ఫేసింగ్ ఎ లాట్ ఆఫ్ ట్రబుల్ బికాజ్", "ఐ రిక్వెస్ట్ యు టు" అసుంటి ఎనిమిది వాక్యాలు చేతికి వస్తే ఏ అంశం ఇచ్చినా పనికొస్తయి.

నల్లగొండ మేడం

వాక్యాలు పట్టించడం వరకు సరే. మొత్తం లెటర్ పట్టిస్తే మాత్రం నీళ్ల సమస్య గురించి అడిగినా బస్సు లెటరే దింపుతారు. అంశం తప్పితే చట్రానికి ఏదో ఒకటి పడుతుంది, విషయానికి పడదు. పట్టించినవాళ్లు అదే వారంలో అవే ఎనిమిది వాక్యాలతో మూడు వేరే అంశాల మీద రాయించాలి. అది చేసే ఓపిక ఉంటే మీ పద్ధతి పనిచేస్తుంది.

దేవరకొండ అన్న

చాన థాంక్స్. తప్పులు దిద్దే ప్రశ్న ఒకటి చేపిచ్చిన. గీత గీసిన ముక్కలు నాలుగు ఉన్నయి. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అని ఉంటే అది వదిలేసి పక్కనున్న "గోస్"ను "గో" చేసింది. "బై ఎ బస్"ను "బై ద బస్" చేసింది. "ఎస్టర్‌డే ద బస్ హాజ్ కమ్ లేట్"ల "హాడ్ కమ్" రాసింది. "మోర్ టాలర్"ను "మోస్ట్ టాలర్" చేసింది. నాలుగూ పాయె. ఎందుకిట్ల?

పాలమూరు ఇంగ్లిష్ సార్

మూడు చోట్ల తప్పు ఎక్కడుందో కనిపెట్టింది, అది చిన్న విషయం కాదు. దాన్ని దేనితో మార్చాలో తెలియక పక్కనున్న ఇంకో మాట పెట్టేసింది.

"వన్ ఆఫ్" తర్వాత ఎప్పుడూ బహువచనమే, "మై ఫ్రెండ్స్". క్రియ మాత్రం "వన్"తో పోతుంది కాబట్టి "గోస్" ముందే సరిగా ఉంది, దాన్ని చెడగొట్టింది. గీత లేని మాటను ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి.

రెండోదానికి "బై బస్", ఆర్టికలే ఉండదు. నడిచి అయితే "ఆన్ ఫుట్".

మూడోది అన్నిటికంటే ముఖ్యం. "ఎస్టర్‌డే" కనిపిస్తే "హాజ్" రాదు, "కేమ్" రావాలి. గడిచిపోయిన సమయం చెప్పే మాటలకు ఇదే లెక్క: "లాస్ట్ ఇయర్", "ఇన్ 2019", "టూ డేస్ ఎగో". "హాడ్" ఊరికే రాదు. రెండు పాత పనుల్లో ముందు జరిగినదానికి వస్తుంది: "ద బస్ హాడ్ లెఫ్ట్ బిఫోర్ వి రీచ్‌డ్ ద స్టాప్." రెండో పని లేనప్పుడు "హాడ్" కొట్టేయమనండి.

నాలుగోదాంట్లో "ఇఆర్" చేరాక "మోర్" అక్కర్లేదు, "టాలర్" ఒక్కటే.

దిద్దేటప్పుడు చూడాల్సిన వరస: కర్తకు క్రియ సరిపోయిందా, సమయం చెప్పే మాటకు కాలం కుదిరిందా, ప్రిపొజిషన్, ఆర్టికల్, పోలిక. ఈ ఐదింటిలో ఏ రకం తప్పో పక్కన ఒక అక్షరం రాశాకే జవాబు రాయనివ్వండి. తప్పు రాసిన ప్రతి వాక్యం ఒక నోటుబుక్కులో ఎక్కాలి: ఎడమ పక్క తాను రాసింది, కుడి పక్క సరైనది, కింద కారణం తెలుగులో ఒక ముక్క. ఆదివారం కుడి పక్క మూసి మళ్లీ చేయాలి.

మిర్యాలగూడ ట్యూషన్

చివరి మూడు వారాలు ఆదివారం పొద్దుగాల గడియారం పెట్టి 80 మార్కుల పేపర్ పూర్తిగ రాయించున్రి. మూడు గంటలు కూసోవాలె, ఆ మూడు ఆదివారాలకు రెండు గంటల లెక్క కుదరదు. పేపర్ చదువుడు 10 నిమిషాలు, ప్యాసేజ్‌లు 50, రాతలు 65, గ్రామర్ వచ్చే పార్ట్-బి 35, మిగిలిన 20 సరిచూసుడు. ప్రశ్నల వరస, మార్కులు మాత్రం ఈ ఏడు బోర్డు ఇచ్చిన మోడల్ పేపర్‌తోటి సరిచూసుకోవాలె, పాత గైడ్‌ను నమ్మొద్దు. పార్ట్-బి ఆ పేపర్ మీదనే రాసి ఆన్సర్ బుక్‌లెట్‌కు కట్టాలె కాబట్టి అండ్ల కొట్టివేతలు లేకుండ ముందు పెన్సిల్‌తోటి అంచున గుర్తు పెట్టుకోని, తర్వాత పెన్నుతోటి రాయమను.

దేవరకొండ అన్న

సరే సార్. ఈ రాత్రికే "నుంచి" వాక్యాలు ఇరవై, ఎనిమిది క్రియలు మొదలుపెడుతున్నం. ఆదివారం ఆర్టీసీ లెటర్ రాయించి ఇక్కడ పెడ్త, మేడం చూసి చెప్పాలె.