దయ్యాల అన్వేషణకి వయసు నిబంధన అవసరమా?

నిశాచరి:
నాకు 19 ఏళ్ళు. దయ్యాలున్నాయని చెప్పే ఇళ్ళకి రాత్రిపూట వెళ్ళి పరిశీలించే ఒక బృందంలో చేరతానని అడిగితే, 25 నిండాకే రమ్మన్నారు. ఓటు వేయొచ్చు, బండి నడపొచ్చు, చీకట్లో మీటర్ పట్టుకుని కూర్చోకూడదా? వయసు పెరిగేకొద్దీ ముందు వినపడకుండా పోయేవి సన్నటి శబ్దాలే. 17 కిలోహెర్ట్జ్ దగ్గరి కీచుశబ్దం మా ఈడు వాళ్ళకి వినిపిస్తుంది, యాభై దాటినవాళ్ళలో చాలామందికి వినిపించదు. మరి రాత్రి ఇంట్లో ఏం వినిపించిందో రాసే పనికి ఎవరు కావాలి?

లైన్‌మన్58:
మా బృందంలోనూ 25 నియమం ఉంది. పెట్టించింది నేనే, కాబట్టి జవాబు నేనే చెప్తాను. ఆ కీచుశబ్దం నాకు వినిపించదమ్మా, నిజమే. కానీ 31 ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కినవాణ్ణి, అది ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసు. నాసిరకం ఛార్జర్ సాకెట్‌లో వదిలేస్తే అలాగే అరుస్తుంది.

పోయిన వేసవిలో ఒక ఇంట్లో కె2 మీటర్ ఐదు లైట్లూ వెలిగాయి. చుట్టుపక్కల విద్యుదయస్కాంత క్షేత్రం ఎంతుందో లైట్లతో చూపే చేతి మీటర్ అది, దయ్యం ఉంటే వెలుగుతుందని వీళ్ళ నమ్మకం. కుర్రాళ్ళు కెమెరా పెట్టి "ఎవరైనా ఉంటే ఇంకోసారి వెలిగించండి" అని అడుగుతున్నారు. మెయిన్ ఆపేశాం అంకుల్ అన్నారు. వెళ్ళి చూస్తే మెట్ల కింద ఇన్వర్టర్ నడుస్తోంది, దాని వైరు ఆ గోడలోంచే పోతోంది. అది ఆపగానే మీటర్ మీద మొదటి పచ్చలైటు ఒక్కటే మిగిలింది.

కొబ్బరాకు:
రాజస్థాన్‌లో భాన్‌గఢ్ కోట బయట పురావస్తు శాఖ బోర్డు ఉంది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఎవరూ ఉండకూడదు. అక్కడ ఏ వయసైనా ఒకటే.

నిశాచరి:
ఇన్వర్టర్ కనిపెట్టింది మీ వయసు కాదు, మీ పని. ఇంగ్లండ్‌లో విక్ టాండీ అనే ఇంజనీర్‌కి ఒక రాత్రి ల్యాబ్‌లో ఒళ్ళు జలదరించింది, పక్కన బూడిదరంగు ఆకారం కనిపించింది. మర్నాడు కత్తిపోటీలకి వాడే కత్తిని వైస్‌కి బిగిస్తే దాని కొన దానంతటదే ఊగింది. వెతికితే ఫ్యాన్ తేలింది, 19 హెర్ట్జ్ దగ్గరి కంపనం. అంత కింది శబ్దం మామూలుగా ఏ వయసు చెవికీ అందదు. 1998లో అదంతా వ్యాసంగా రాశాడు. ఇందులో వయసెక్కడుంది?

ఇంకోటి, మీరే ఛార్జర్ అన్నారు. వినిపించని మనిషి ఛార్జర్ అని ఎలా తేలుస్తారు?

రాతిమెట్టు:
నన్ను 52కే వద్దన్నారు. మోకాళ్ళు అరిగాయి, పరిగెత్తలేరు అన్నారు. పరిశీలనకి వెళ్ళేవాడు పరిగెత్తడం దేనికండీ? పై హద్దు గురించి ఒక్కరూ మాట్లాడరేం?

లైన్‌మన్58:
ఛార్జర్ పీకేస్తే శబ్దం ఆగిందా లేదా అని నీలాంటి పిల్లనే అడుగుతాను. అంతే.

నిశాచరి:
అంటే మా చెవులు కావాలి, మేం వద్దు!

వేపచెట్టు:
ఆడపిల్లవి, రాత్రిపూట పాడుబడ్డ ఇళ్ళు నీకెందుకమ్మా.

నిశాచరి:
వయసు అని మొదలుపెట్టి చివరికి ఇక్కడికే వస్తారని తెలుసు. లైన్‌మన్ గారూ, మీ నియమం అసలు కారణం కూడా ఇదేనా? సూటిగా చెప్పండి.

లైన్‌మన్58:
కాదు. నన్ను ఆ మాట అనకు. కారణం ఆ ఇన్వర్టర్ ఇల్లే. నేను మెట్ల కిందికి వెళ్ళేలోపే ఇరవయ్యేళ్ళ కుర్రాడొకడు అత్తగారితో "వంటగదిలో ఒక ఆడమనిషి ఉంది" అనేశాడు. ఆ ఇంటి కోడలు కాపురానికొచ్చి ఆరు నెలలు. వారం తర్వాత వెళ్తే ఆ పిల్ల మెడలో తాయెత్తు, చేతుల మీద వేపమండల దెబ్బల వాతలు. ఇన్వర్టర్ సంగతి మూడుసార్లు చెప్పాను. ఎవరూ వినలేదు. వాడి వీడియో మాత్రం ఊరంతా చూసింది. చిన్నవాళ్ళకి నోరు ఆగదు, అందుకే 25.

నిశాచరి:
మా అమ్మకి గాలి సోకిందన్న మనిషికి అరవై పైనే. అమ్మకి తెల్లవారుజామున మెలకువ వచ్చేది, కళ్ళు తెరిచే ఉండేవి, చెయ్యి కదిలేది కాదు, గుండె మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది. నిద్ర పక్షవాతం అంటారని, చాలామందికి వచ్చిపోతుందని నేను ఇంటర్‌లో చదివాను. ఈలోపు మూడు అమావాస్యలు అమ్మని వాకిట్లో కూర్చోబెట్టి నిమ్మకాయలు కోశారు. నాయనమ్మ ఇప్పటికీ అమ్మ చేతి నీళ్ళు తాగదు. ఆయన్ని ఎవరూ ప్రశ్న అడగలేదు, పెద్దాయన కాబట్టి. నేను మీటర్ పట్టుకుంటానన్నది అందుకే.

రాతిమెట్టు:
తల్లీ, ఈ మాట ముందే చెప్పాల్సింది.

లైన్‌మన్58:
నోరు ఆగదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చే నెల పరిశీలనకి రా, మీటర్ నీదే. మీ ఇంట్లో ఒప్పుకోవాలి. ఆ రాత్రి ఇంటివాళ్ళతో ఎవరూ ఒక్క ముక్క అనకూడదు, నేనైనా సరే. రాసుకున్నది పగలు సరిచూసి, కరెంటు, నీళ్ళ పైపులు, కప్పు మీద ఎలుకలు అన్నీ చూశాకే చెప్పాలి. అయితే ఆ చెప్పే పనికి మాత్రం 25 అంటాను, అది వదలను.

నిశాచరి:
వస్తాను. మరి ఇంట్లో కోడలుంటే, అత్తగారు లేనప్పుడు ఆ అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి అడిగేది ఎవరు? మీ బృందంలో ఆడవాళ్ళు ఎంతమంది?

లైన్‌మన్58:
ఒక్కరూ లేరు.