సమస్యాపూరణం: ‘పేరు లేనివారి పేరె పేరు’

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం:

పేరు లేనివారి పేరె పేరు

విషయం 1969 సెప్టెంబరు 22న కాపిటల్ సంస్థ విడుదల చేసిన ‘ది బ్యాండ్’ అనే రాక్ సంగీత బృందపు ఆల్బమ్; దాని పేరూ ‘ది బ్యాండ్’. మొదట గాయకుడు రానీ హాకిన్స్ వెనుక, తరువాత గాయకుడు బాబ్ డిలన్ వెనుక ఏళ్ల తరబడి వాయించి చేయి తిరిగిన ఆ బృందంలోని ఐదుగురు, ఉడ్‌స్టాక్‌లో ఇరుగుపొరుగు తమను పిలిచిన ‘ది బ్యాండ్’ (అంటే ‘బృందం’) అన్న మాటనే పేరుగా స్వీకరించి, రెండవ ఆల్బమ్‌కు కూడా అదే పెట్టారు. సమస్యలో ‘పేరు’ మూడుసార్లు వచ్చింది. మూడింటికీ ఒకే అర్థం చెబితే పూరణ నిలవదు కనుక నామం, కీర్తి రెండూ పలకాలని మనవి.

హ్యూస్టన్ సభ్యుడు:

ఊరివారు పిలువ నుత్తి బృందమనుచు
నదియె నిలిచె వారి కాఖ్యగాను
మరల మలి రికార్డు మకుట మదియె యయ్యె
పేరు లేనివారి పేరె పేరు

నిర్వాహకుడు:
చరిత్ర మూడు పాదాలలో చక్కగా ఇమిడింది, యతులన్నీ కుదిరాయి. ‘ఉత్తి’ బదులు ‘ఉత్త’ అంటే గణం చెడదు, పద్యభాషకు దగ్గరగా ఉంటుంది. అయితే ఇందులో పాట వినిపించలేదన్నది నా కొరత.

రాజమండ్రి సభ్యుడు:

వాద్యములను మార్చి వాయించి రైదుగురు
ఒకని పనిని చేసె నొకఁడు పూని
యెవరి పేరు నడుగ కెల్లరు మురిసిరి
పేరు లేనివారి పేరె పేరు

నిర్వాహకుడు:
భావం ఎంతో నచ్చింది. ఈ ఆల్బమ్‌లోని ‘రాగ్ మామా రాగ్’ పాటలో డ్రమ్మర్ లెవాన్ హెల్మ్ మాండొలిన్ పట్టగా, పియానో వాయించే రిచర్డ్ మాన్యువల్ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు, నిర్మాత జాన్ సైమన్ ట్యూబా ఊదాడు. మొదటి పాదం చివర ‘ఐదుగురు’ ఇంద్రగణం కాదు. ‘వాయించి రేవురు’ (ఏవురు అన్నా ఐదుగురే) అంటే సరిపోతుంది.

తెనాలి సభ్యురాలు:

కొట్టు కాలిపోయి కుమిలెడు వానికి
సంఘ మొకటె దిక్కు చాటె పాట
యతని పేరు చెప్ప రందులో నెచటను
పేరు లేనివారి పేరె పేరు

నిర్వాహకుడు:
అమ్మా, ఆల్బమ్‌లో చివరిదైన ‘కింగ్ హార్వెస్ట్’ను ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. నా దృష్టిలో ఆ పన్నెండింటిలో అదే గొప్ప పాట. బృందం పేరు చుట్టూ తిరుగుతున్న సమస్యను మీరు ఆ పాటలోని రైతు దగ్గరకు తీసుకువెళ్లారు. వానకోసం ఎదురుచూస్తూ, ధాన్యపు కొట్టు బూడిదై, రైతు సంఘాన్ని నమ్ముకున్న ఆ మనిషి గొంతును మాన్యువల్ పాడిన తీరులో ఆశ, బెదురు రెండూ వినిపిస్తాయి. ఛందస్సులో దోషం లేదు. కానీ మూడవ పాదం విషయాన్ని చెప్పిందే తప్ప చూపలేదు. ఆ పాటలో పిచ్చెక్కిన గుర్రానికి జెత్రో అని పేరుంది, రైతుకు మాత్రం లేదు. ఆ వ్యత్యాసాన్ని పద్యంలోకి తేగలరేమో ఆలోచించండి.

తెనాలి సభ్యురాలు:
గురువుగారూ, పాటను ఎన్నోసార్లు విన్నా గుర్రం పేరును ఈ విధంగా ఆలోచించలేదు. రాత్రి మళ్లీ విని మూడవ పాదం మార్చాను.

కొట్టు కాలిపోయి కుమిలెడు వానికి
సంఘ మొకటె దిక్కు చాటె పాట
గుఱ్ఱమునకు పేరు కొఱతయే రైతుకు
పేరు లేనివారి పేరె పేరు