ఇసుకలో ఆర్‌ఎక్స్ 100: యాక్సిలరేటర్ వదిలినా రేజింగ్ దిగట్లేదు

మైపాడు బీచ్ ఇసుకలో తోలడానికి మా యమహా టూస్ట్రోక్ బైకు ఆర్‌ఎక్స్ 100కి నాబీ టైర్లు (పెద్ద గుబ్బలుండేవి) వేసి, ముందు స్ప్రాకెట్ ఒక పన్ను తక్కువది పెట్టాం. ఆయిల్ పంపు తీసేశాం. ఇప్పుడు లీటరు పెట్రోలుకి 31 మి.లీ. టూటీ (టూస్ట్రోక్) ఆయిల్ మేమే కలుపుతున్నాం, అంటే 32:1. పవర్‌బ్యాండ్ (ఇంజిన్ గట్టిగా లాగే స్పీడు) అందుకుంటే ఆ లాగుడే వేరు!

చిక్కల్లా ఇంజిన్ వేడెక్కాక. యాక్సిలరేటర్ వదిలినా రేజింగ్ దిగదు, ప్లగ్ తెల్లబడుతోంది, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుతోంది. చోక్ సగం లాగితే సర్దుకుంటుంది. మెయిన్ జెట్ (ఎక్కువ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు పెట్రోలు వదిలేది) ఒక సైజు పెంచినా అంతే. ఐడిల్ దగ్గర దానికి పనిలేదు కదా. కార్బ్యురేటర్ రబ్బరు, రీడ్ వాల్వ్ గ్యాస్కెట్ చుట్టూ డబ్ల్యూడీ-40 కొట్టినా శబ్దం మారలేదు, అంటే అక్కడ గాలి లీకు ఉన్నట్టు లేదు. గేర్ ఆయిల్ తగ్గట్లేదు, తెల్ల పొగా లేదు, కాబట్టి క్లచ్ వైపు క్రాంక్ సీలు మీద అనుమానం లేదు. ఇక మాగ్నెట్ వైపు క్రాంక్ సీలేనా, ఐడిల్ దగ్గర పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్టా? పిస్టన్ పట్టేయకముందే తేల్చాలి. నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ 6 పీఎస్‌ఐ గాలి పెట్టి లీక్ టెస్ట్ చేసే మెకానిక్ ఉంటే చెప్పండన్నా.