అమెరికా కమ్యూనిటీ కాలేజీలు: మాస్టారు "బయటికి నడు" అంటే రెండు క్లాసులు పోవాల్సిందేనా? (మారుపేర్లతో మాట్లాడిన కొందరి చర్చ)

కృష్ణలంక:
కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో (ప్రధానంగా రెండేళ్ల చదువులు చెప్పే ప్రభుత్వ కాలేజీలు) ఇన్‌స్ట్రక్టర్‌కి ఒక అధికారం ఉంది. క్లాసులో గొడవ చేస్తున్న విద్యార్థిని ఆ రోజుకీ, తర్వాత జరిగే క్లాసుకీ బయటికి పంపేయొచ్చు. ఎడ్యుకేషన్ కోడ్ 76032వ సెక్షన్. నోటీసు, సంజాయిషీ, డీన్ సంతకం ఏవీ ముందుగా అక్కర్లేదు. పంపేశాక పైవాళ్లకి వెంటనే తెలియజేస్తే చాలు. ఈ అధికారాన్ని ఆ ఒక్క రోజుకే పరిమితం చెయ్యాలని నా వాదన.

లెక్క చూడండి. మంగళ, గురువారాల క్లాసైతే వారంలో తేలిపోతుంది. 16 వారాల సెమిస్టర్లో శనివారం మాత్రమే జరిగే మూడు గంటల క్లాసైతే అదే తప్పుకి ఎనిమిదో వంతు పాఠం గోవిందా. తప్పు ఒకటే, శిక్ష మాత్రం టైమ్‌టేబుల్‌ని బట్టి! 1975లో గాస్ వర్సెస్ లోపెజ్ కేసులో సుప్రీంకోర్టు హైస్కూలు పిల్లలకే ఒక హక్కు ఇచ్చింది. పది రోజుల్లోపు సస్పెన్షనైనా సరే, మోపిన నేరమేంటో చెప్పాలి, వాళ్లు కాదంటే ఆధారం ఏముందో వివరించాలి, వాళ్ల మాట వినాలి. కాలేజీ విద్యార్థికి అంతకన్నా తక్కువా?

వెల్డింగ్ షాపు:
ఆ తీర్పు సగం చదివి వదిలేశారండీ. విద్యార్థి అక్కడే ఉంటే మనుషులకో ఆస్తికో ప్రమాదం అనుకున్నా, చదువు సాగనివ్వకపోయినా ముందు బయటికి పంపొచ్చు, విచారణ వీలైనంత త్వరగా తర్వాత పెట్టొచ్చు అని అదే తీర్పులో ఉంది. 76032 నిలబడింది ఆ మినహాయింపు మీదే.

కమ్యూనిటీ కాలేజీ అంటే ఇంగ్లీషు వ్యాసాల క్లాసులొక్కటే కావు. వెల్డింగ్, ఆటోమోటివ్, నర్సింగ్, కెమిస్ట్రీ ల్యాబు అన్నీ అక్కడే. గాగుల్స్ నుదుటి మీదికి తోసుకుని, హైడ్రోక్లోరిక్ యాసిడ్ బీకరు చేత్తో పట్టుకుని పక్క బెంచీ వాళ్లతో కబుర్లేస్తున్నవాణ్ణి రెండుసార్లు హెచ్చరించినా వినకపోతే, డీన్ అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగాలా?

ఇక రెండో క్లాసు ఎందుకంటే, ఆ ఖాళీలోనే మాట్లాడుకోవడం జరగాలి కాబట్టి. చాలా డిస్ట్రిక్టుల (ఈ కాలేజీల్ని నడిపే స్థానిక సంస్థల) విధానంలో రాసే ఉంటుంది: రిపోర్టు అందగానే కాలేజీ వాళ్లు విద్యార్థికీ ఇన్‌స్ట్రక్టర్‌కీ మధ్య సమావేశం ఏర్పాటు చెయ్యాలి. ఎవరు అడిగినా అధికారి కూడా కూర్చోవాలి. ఒక్క రోజుకే కుదిస్తే గురువారం మళ్లీ అదే మనిషి, అదే కోపంతో, అదే కుర్చీలో.

నల్గొండోడు:
మన దగ్గర "గెట్ అవుట్" అంటే కాయితం ఉండదు, సెక్షన్ ఉండదు. మళ్ల 75 శాతం హాజరు తగ్గిందని కండొనేషన్ ఫీజు వేరే. గీడ కనీసం రిపోర్టు రాస్తున్నరు గదా.

సాక్రమెంటో శారద:
రాస్తేనే కదా నల్గొండ తమ్ముడూ. అసలు చిక్కు అక్కడే ఉంది. చట్టం వెంటనే రిపోర్టు చెయ్యమంది, అందులో ఏముండాలో మాత్రం చెప్పలేదు. "క్లాసుకు అంతరాయం కలిగించాడు" అని ఒక్క వాక్యం పంపి ఊరుకుంటారు. అదే ఫైల్లో పడి ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత మరో గొడవైతే "ఇది మొదటిసారి కాదు" అని తిరగదోడతారు. 76033 సెక్షన్లో సస్పెన్షన్‌కి చెప్పిన కారణాల్లో కొన్ని చూడండి: మానకుండా అంతరాయం, మానకుండా ధిక్కారం, అలవాటైన బూతులు. ఇవన్నీ పదే పదే జరిగినవే. అంటే ఈ చిన్న రిపోర్టులే రేపటి పెద్ద కేసుకి సాక్ష్యం.

అందుకని క్లాసులోంచి పంపేస్తే విద్యార్థి అదే రోజు ఇన్‌స్ట్రక్టర్‌కీ డీన్‌కీ కలిపి ఒక ఈమెయిల్ పెట్టాలి. ఎన్ని గంటలకి ఏం జరిగింది, ఎవరు ఏ మాటన్నారు, అంతకు ముందు హెచ్చరిక ఉందా లేదా అని నాలుగే నాలుగు వాక్యాలు. తిట్లు వద్దు, జాతి వివక్ష అంటూ మొదటి మెయిల్లోనే పేజీలు నింపొద్దు. నిజంగా వివక్షే అయితే దానికి వేరే ఫిర్యాదు దారి ఉంది. సమావేశం తేదీ అడగండి. ఈ రెండు క్లాసుల్నీ గైర్హాజరుగా లెక్కేసి డ్రాప్ చెయ్యరు (క్లాసు నుంచి పేరు తీసెయ్యరు) కదా అని రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఎఫ్-1 వీసా (విదేశీ విద్యార్థుల వీసా) మీద ఉన్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. క్లాసులోంచి రెండుసార్లు పంపినంత మాత్రాన సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల మీద అమెరికా ప్రభుత్వం పెట్టే రికార్డులో) ఏమీ ఎక్కదు. కొంపలు మునిగేది భయపడి వాళ్లంతట వాళ్లే ఆ క్లాసు వదిలేసినప్పుడు. ఫుల్‌టైమ్‌కి కావాల్సిన 12 యూనిట్లు మాత్రమే ఉన్నవాళ్లు మూడు యూనిట్ల క్లాసు డ్రాప్ చేస్తే 9కి పడతారు. డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారం చూసే కాలేజీ అధికారి) ముందే ఒప్పుకోకుండా పడితే స్టేటస్ పోయినట్టే. వేరే ఆన్‌లైన్ క్లాసుతో పూడుద్దామన్నా ఫుల్‌టైమ్ లెక్కలోకి ఒక్క ఆన్‌లైన్ క్లాసే వస్తుంది, అదీ మూడు యూనిట్ల దాకానే. ముందు డీఎస్‌ఓ దగ్గరికి వెళ్లండి, తర్వాతే పోర్టల్లో డ్రాప్ బటన్ సంగతి. అదే టర్మ్ మొత్తం సస్పెండ్ అయితే సెవిస్ రికార్డే ముగుస్తుంది, స్టేటస్ పోగొట్టుకున్నవాళ్లకి గ్రేస్ పీరియడ్ (దేశం విడవడానికి ఇచ్చే గడువు) ఉండదు.

ఫ్రీమాంట్ నాన్న:
హైస్కూల్లో ఉంటూనే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో కమ్యూనిటీ కాలేజీ క్లాసు తీసుకునే పిల్లల సంగతేంటండీ? బే ఏరియాలో మన తెలుగు పిల్లలు ఈ దారిలో చాలామందే ఉన్నారు. 16 ఏళ్ల పిల్లని బయటికి పంపితే తల్లిదండ్రులకి చెప్పరా?

సాక్రమెంటో శారద:
చెబుతారు. పంపేసింది మైనర్‌నైతే తల్లిదండ్రుల్ని వీలైనంత త్వరగా సమావేశానికి పిలవమని చట్టంలోనే ఉంది. మైనర్‌ని సస్పెండ్ చేస్తే రాతపూర్వకంగా తెలపాలి కూడా. కానీ గ్రేడ్లు, ఫైలు చూపించమంటే కౌంటర్లో కుదరదంటారు. ఫెర్పా (విద్యార్థి రికార్డుల గోప్యత చట్టం) ప్రకారం కాలేజీ రికార్డుల మీద హక్కు విద్యార్థిది, వయసు 16 అయినా సరే. పన్నుల్లో డిపెండెంట్‌గా చూపిస్తే ఫెర్పా అడ్డు చెప్పదు గానీ కాలేజీ చూపించి తీరాలని లేదు. పిల్ల చేత అనుమతి ఫారం సంతకం పెట్టించుకోవడమే సులువు.

కృష్ణలంక:
శారద గారు చెప్పినవన్నీ నా వాదనకే బలం. గైర్హాజరు, డ్రాప్, వీసా, ఫైలు... ఇంత గొలుసు వెనకాల ఉన్నప్పుడు దాన్ని శిక్ష కాదని ఎలా అంటాం? పైగా ఆన్‌లైన్ క్లాసు సంగతి చూడండి. వీడియోల్లో పాఠాలు పెట్టి ఎవరి వీలుని బట్టి వాళ్లు చూసుకునే క్లాసులో "తర్వాత జరిగే క్లాసు" అంటే ఎప్పుడు? చర్చా బోర్డులో ఒక మాట జారినందుకు క్యాన్వాస్‌లోంచి (ఆన్‌లైన్ పాఠాల సైటు) వారం పాటు మూసేస్తే ఆ వారం క్విజ్ కూడా పోతుంది. ఈ సెక్షన్ రాసింది నాలుగు గోడల గదిని దృష్టిలో పెట్టుకుని.

వెల్డింగ్ షాపు:
ఆన్‌లైన్ విషయంలో ఒప్పుకుంటాను. అక్కడ ఆ పోస్టు తీసేస్తే చాలు, మనిషిని తీయక్కర్లేదు. కాపీ కొట్టాడనో, ఏఐతో రాయించాడనో అనుమానం మీద ఈ సెక్షన్ వాడటం కూడా నా దృష్టిలో తప్పే. దానికి ఆ అసైన్‌మెంట్‌కి సున్నా ఉంది, డీన్‌కి పంపే దారి ఉంది. కానీ ల్యాబులో, షాపులో రెండో క్లాసు ఉండాల్సిందే. కావాలంటే షరతు పెట్టండి: రెండో క్లాసు మొదలయ్యేలోపు సమావేశం జరగకపోతే విద్యార్థి లోపలికి రావచ్చు అని.

సాక్రమెంటో శారద:
షరతు బాగానే ఉంది గానీ ఆ సమావేశానికి వచ్చేదెవరు? కమ్యూనిటీ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది పార్ట్‌టైమ్. పొద్దున ఒక కాలేజీ, సాయంత్రం ఇంకో కాలేజీ, చాలాచోట్ల సొంత ఆఫీసు గది కూడా ఉండదు. సమావేశానికి వచ్చిన గంటకి జీతం ఇస్తారో లేదో కాంట్రాక్టు చూడాలి. ఇవ్వకపోతే ఆయన రాడు, మీ షరతు ప్రకారం విద్యార్థి తిరిగి వచ్చేస్తాడు. అప్పుడు ఆ మాస్టారు ఎంత గొడవైనా పంపకుండా పళ్లు బిగించి ఊరుకుంటాడు, లేకపోతే నేరుగా క్యాంపస్ పోలీసుల్ని పిలుస్తాడు. రెండోది జరిగితే విద్యార్థికి రెండు క్లాసులు పోవడమే నయమనిపిస్తుంది.

కృష్ణలంక:
అయితే ఆ గంట జీతం కూడా షరతులో రాయమందాం. డిస్ట్రిక్టు బోర్డు సమావేశం ముందే చెప్పి తేదీ పెడతారు, ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు. అజెండాలో లేని విషయానికీ పబ్లిక్ కామెంట్ ఉంటుంది, మనిషికి రెండు మూడు నిమిషాలిస్తారు. డిస్ట్రిక్టు విధానం మార్చే అధికారం వాళ్లదే, డీన్‌ది కాదు. 76032 సెక్షన్‌నే మార్చాలంటే మాత్రం రాష్ట్ర శాసనసభ పని.